గౌరవ వేతనం రూ.6,500.. చేతిలో చెక్ పవర్! సర్పంచ్, కార్పొరేటర్, కార్యదర్శి ఏం చేయకూడదు? రూల్స్ ఏం చెబుతున్నాయి?

తెలంగాణలో 2025 డిసెంబరులో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. దాదాపు రెండేళ్ల ప్రత్యేకాధికారుల పాలన తర్వాత ఊళ్లకు మళ్లీ సర్పంచులు వచ్చారు. ప్రచారం టైమ్‌లో కొందరు అభ్యర్థులు ఏకంగా బాండ్ పేపర్ల మీద హామీలు రాసిచ్చారు. గెలిస్తే ఇది చేస్తాం, అది కట్టిస్తాం అంటూ సంతకాలు పెట్టారు. ఆ పేపర్ల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగాయి.

అయితే ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. బాండ్ పేపర్ రాసివ్వకపోయినా సర్పంచ్‌ను కట్టిపడేసే షరతులు చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. వార్డు సభ్యుడికీ ఉన్నాయి, కార్పొరేటర్‌కీ ఉన్నాయి, పంచాయతీ కార్యదర్శికీ ఉన్నాయి. ఏపీలో 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో గెలిచిన సర్పంచుల ఐదేళ్ల గడువు 2026తో ముగుస్తుంది కాబట్టి, అక్కడ కూడా ఈ లెక్క చూసుకోవాల్సిన సమయమే ఇది.

ఇంతకీ లోకల్ బాడీల్లో ఉన్నవాళ్లు ఎలా నడుచుకోవాలి? ఏది తప్పు, ఏది నేరం? తప్పు చేస్తే ఎవరు అడుగుతారు? అసలు ఈ రూల్స్‌లో లొసుగు ఎక్కడుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకే ఆఫీసు.. రెండు రకాల రూల్స్

పంచాయతీ ఆఫీసులో పక్కపక్కనే రెండు కుర్చీలుంటాయి. ఒకటి సర్పంచ్‌ది, ఇంకోటి కార్యదర్శిది. ఇద్దరూ కలిసే పని చేస్తారు. కానీ ఇద్దరికీ వర్తించే నిబంధనలు వేర్వేరు.

కార్యదర్శి, మున్సిపల్ కమిషనర్, టౌన్ ప్లానింగ్ అధికారి.. వీళ్లంతా ఉద్యోగులు. వీళ్లకు 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి ఉంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దాన్నే కొనసాగిస్తోంది. నిజాయితీగా ఉండాలి, పార్టీ రాజకీయాల్లో తిరగకూడదు, అనుమతి లేకుండా సొంత వ్యాపారం చేయకూడదు, బహుమతులు తీసుకోవడానికి పరిమితులున్నాయి. ఏటా ఆస్తుల వివరాలు పైఅధికారులకు ఇవ్వాలి. తప్పితే శాఖాపరమైన చర్య ఉంటుంది. ఇంక్రిమెంట్ ఆగొచ్చు, సస్పెన్షన్ పడొచ్చు, ఉద్యోగమే పోవచ్చు.

మరి సర్పంచ్, కౌన్సిలర్ సంగతేంటి? వీళ్లు ఉద్యోగులు కాదు, ప్రజలు ఎన్నుకున్నవాళ్లు. కాబట్టి ఆ నియమావళి వీళ్లకు వర్తించదు. వీళ్లను పట్టి ఉంచేది పంచాయతీరాజ్, మున్సిపల్ చట్టాలు. ఏపీలో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం ఉన్నాయి. ఎవరు అనర్హులు, ఎవర్ని ఎప్పుడు తొలగించవచ్చు అన్నది వీటిలో ఉంటుంది.

నామినేషన్ వేసేటప్పుడు అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, చదువు, క్రిమినల్ కేసుల వివరాలతో డిక్లరేషన్ ఇవ్వాలి. గెలిచాక ఐదేళ్లలో ఆస్తి ఎంత పెరిగిందో ఓటరుకు తెలిసే సులువైన దారి మాత్రం లేదు. మళ్లీ పోటీ చేస్తేనే కొత్త డిక్లరేషన్ బయటికొస్తుంది. పోటీ చేయకపోతే లెక్క అక్కడితో క్లోజ్!

ఎన్నికైనవాళ్లకు ఏసీబీ చట్టం వర్తిస్తుందా?

'మేం ప్రజాప్రతినిధులం, ఏసీబీ కేసులు ఉద్యోగులకే' అనే మాట ఊళ్లలో వినిపిస్తుంటుంది. ఇది తప్పు.

1988 అవినీతి నిరోధక చట్టం ప్రకారం స్థానిక సంస్థ నుంచి జీతం లేదా ప్రతిఫలం పొందేవాళ్లతో పాటు, ప్రజా విధి నిర్వర్తించాల్సిన పదవిలో ఉన్నవాళ్లు కూడా 'పబ్లిక్ సర్వెంట్' కిందికే వస్తారు. రాజస్థాన్‌లోని ఓ మున్సిపల్ కౌన్సిలర్ ఇదే పాయింట్ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కౌన్సిలర్ కూడా ఈ చట్టం కింద పబ్లిక్ సర్వెంటేనని 2013లో కోర్టు తేల్చేసింది. సో, డౌట్‌కు తావు లేదు.

చట్టంలోని సెక్షన్ 7 లంచానికి సంబంధించింది. శిక్ష కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు, దానికి తోడు జరిమానా. ఇంట్రెస్టింగ్ విషయం ఏంటంటే, ఈ సెక్షన్‌ను వివరించడానికి చట్టం ఇచ్చిన ఉదాహరణ ఏ వేల కోట్ల స్కామో కాదు. రేషన్ కార్డు దరఖాస్తును టైమ్‌కు చూడటానికి 5 వేల రూపాయలు అడిగిన ఉద్యోగి ఉదాహరణ! అంటే ఎలాగూ చేయాల్సిన పనికి డబ్బులు అడిగినా నేరమే. 'నేను రూల్ తప్పి ఏమీ చేయలేదు కదా, పని తొందరగా చేసిపెట్టా' అనే వాదన ఇక్కడ నిలబడదు.

లంచం అంటే నోట్ల కట్ట మాత్రమే కాదు. 2018 సవరణ తర్వాత చట్టం వాడుతున్న మాట 'అనుచిత ప్రయోజనం'. అది ఫోన్ కావచ్చు, ఫ్లైట్ టికెట్ కావచ్చు, కొడుకు పెళ్లికి ఫంక్షన్ హాల్ బిల్లు కట్టడం కావచ్చు. చేతికి అప్పగించిన సొమ్మును సొంతానికి వాడుకోవడం, ఆదాయానికి మించి ఆస్తులు కూడబెట్టడం సెక్షన్ 13 కిందికి వస్తాయి. శిక్ష 4 నుంచి 10 ఏళ్లు.

అదే సవరణతో లంచం ఇచ్చినవాళ్లు కూడా నేరస్తులే అయ్యారు. అయితే ఒక మినహాయింపు ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోపు పోలీసులకు గానీ, దర్యాప్తు సంస్థకు గానీ చెప్పాలి. అప్పుడు కేసు ఉండదు. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్ల సూచన మేరకు డబ్బులు ఇచ్చినా తప్పు లేదు. ఈ 7 రోజుల గడువు సంగతి తెలియక చాలామంది 'ఇచ్చాం కదా, ఇప్పుడు చెబితే మనమే ఇరుక్కుంటాం' అని నోరు మూసుకుంటున్నారు.

ఐదేళ్ల లెక్క.. ఇక్కడే అసలు తిరకాసు

ఇప్పుడు కాస్త క్యాలిక్యులేటర్ తీద్దాం.

తెలంగాణలో సర్పంచ్ గౌరవ వేతనం 2021లో 30 శాతం పెంచారు. 5,000 కాస్తా 6,500 అయింది. ఐదేళ్లకు, అంటే 60 నెలలకు మొత్తం రూ.3.90 లక్షలు. ఏపీలో గౌరవ వేతనం నెలకు రూ.3,000. ఐదేళ్లకు రూ.1.80 లక్షలు.

ఇక ఎన్నికల ఖర్చు. తెలంగాణలో 5 వేలకు మించి జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి రూ.2.50 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చు. అంతకంటే చిన్న ఊరైతే రూ.1.50 లక్షలు. వార్డు సభ్యుడికి రూ.50 వేలు, రూ.30 వేలు. అంటే చట్టం ఒప్పుకున్న ఖర్చు తీసేస్తే పెద్ద ఊరి సర్పంచ్‌కు ఐదేళ్లలో మిగిలేది రూ.1.40 లక్షలే. నెలకు 2,400 కూడా రాదు.

మరి రియల్‌గా అంత తక్కువలోనే ఎన్నిక అయిపోతోందా? ఊళ్లో ఎవర్ని అడిగినా నవ్వుతారు. మందు, విందు, ఓటుకు నోటు.. ఇవన్నీ అందరికీ తెలిసినవే. కొన్నిచోట్ల 'ఏకగ్రీవం' పేరుతో పదవికి వేలం పాట పెడుతున్నారు. గుడికి ఇంత ఇస్తా, ఊరికి అంత ఇస్తా అని పాడినవాళ్లకే పదవి. ఇలాంటి వేలం చెల్లదని ఎన్నికల సంఘం ప్రతిసారీ హెచ్చరిస్తూనే ఉంది. డబ్బు ఊరికే వెళ్లింది కదా, తప్పేంటి అనుకోవచ్చు. కానీ పదవిని కొన్నవాళ్లను రేపు లెక్క అడిగే హక్కు ఊరు అక్కడే వదులుకున్నట్టు!

పెట్టిన డబ్బు ఎక్కడి నుంచి రాబట్టుకోవాలి? గౌరవ వేతనం నుంచైతే రాదు. కాబట్టి చూపు పనుల బిల్లుల మీదికి, లేఅవుట్ల మీదికి, ఇంటి పర్మిషన్ల మీదికి పోతుంది. చాలా కేసుల్లో తప్పటడుగు పడేది ఎన్నికల రోజునే. తర్వాత జరిగేదంతా వసూలే.

ఖర్చు లెక్కలు ఫలితాలు వచ్చిన 45 రోజుల్లోపు సమర్పించాలి. ఇవ్వకపోతే మూడేళ్ల పాటు పోటీకి అనర్హులు కావచ్చు. గెలిచినవాళ్లకే కాదు, ఓడిపోయినవాళ్లకు కూడా ఈ రూల్ ఉంది. ఎన్నికయ్యాక నైతికతకు మొదటి పరీక్ష ఈ కాగితమే. అందులో రాసే అంకె నిజమా కాదా అన్నది రాసేవాళ్లకు తెలుసు, ఊరికీ తెలుసు.

నాణేనికి రెండో వైపు కూడా ఉంది. తెలంగాణలో గత పాలకవర్గాల సర్పంచులు చేసిన పనులకు బిల్లులు రాక రోడ్డెక్కారు. అప్పులు తెచ్చి పనులు చేయించామని, పదవి దిగిపోయినా డబ్బులు రాలేదని ఆందోళనలు చేశారు. ఏపీలో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేయడంపై సర్పంచులు గతంలో నిరసనలకు దిగారు. పైనుంచి నిధులు టైమ్‌కు ఇవ్వకుండా కిందివాళ్లకు నీతులు చెబితే వినేదెవరు? నిజాయితీగా ఉండాలనుకునే సర్పంచ్‌ను వడ్డీ వ్యాపారి దగ్గరికి తోసేది కూడా వ్యవస్థే.

పని ఇచ్చేది తనే.. చేసేదీ తనేనా?

స్థానిక సంస్థల్లో అన్నిటికంటే కామన్‌గా కనిపించే సమస్య లంచం కాదు, ప్రయోజనాల ఘర్షణ. సింపుల్‌గా చెప్పాలంటే నిర్ణయం తీసుకునేవాళ్లకే ఆ నిర్ణయంతో లాభం రావడం.

పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టులో గానీ, పనిలో గానీ ప్రయోజనం ఉన్నవాళ్లు సభ్యులుగా ఉండటానికి అనర్హులని చట్టం చెబుతోంది. కొన్ని మినహాయింపులున్నా, సూత్రం ఇదే. ప్రాక్టికల్‌గా ఏం జరుగుతోంది? సీసీ రోడ్డు తీర్మానం మీద సంతకం సర్పంచ్‌ది, పని మాత్రం బావమరిది పేరు మీద. డ్రైనేజీ పని తమ్ముడిది. పంచాయతీ ట్రాక్టర్ రిపేర్ బిల్లు స్నేహితుడి షెడ్డుది. కాగితం మీద సర్పంచ్ పేరు ఎక్కడా ఉండదు.

చిన్న ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. పని చేయడానికి బయటి కాంట్రాక్టర్ రాడు. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఎవరూ ముందుకు రారు. దాంతో సర్పంచే ముందు డబ్బు పెట్టి చేయించాల్సి వస్తుంది. అంటే ప్రభుత్వం ఓ పక్క 'కాంట్రాక్టులో నీ ప్రయోజనం ఉండొద్దు' అంటోంది, ఇంకో పక్క 'పని ఎలాగోలా పూర్తి చేయించు' అంటోంది. ఈ రెండింటి మధ్య తప్పు, ఒప్పు గీత చెరిగిపోతోంది.

ఈ సమస్యకు ఇంగ్లండ్ ఓ దారి పట్టింది. అక్కడ 2011లో తెచ్చిన లోకలిజం చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్‌కు ప్రవర్తనా నియమావళి ఉండాలి. కౌన్సిలర్ తన ఆర్థిక ప్రయోజనాలను 28 రోజుల్లోపు రిజిస్టర్‌లో రాయించాలి. భార్య లేదా భర్త ప్రయోజనాలూ రాయాలి. ఆ రిజిస్టర్ ఎవరైనా చూడొచ్చు. తన ప్రయోజనం ఉన్న అంశం మీద చర్చలో పాల్గొనకూడదు, ఓటు వేయకూడదు. కావాలని దాస్తే అది నేరం. ఆ దేశంలో 1995లో ఓ కమిటీ చెప్పిన ఏడు సూత్రాలే దీనికి పునాది: స్వార్థం లేకపోవడం, చిత్తశుద్ధి, నిష్పాక్షికత, జవాబుదారీతనం, పారదర్శకత, నిజాయితీ, నాయకత్వం.

ఇది చదివి 'అక్కడ అవినీతి లేదా?' అనొచ్చు. అక్కడా ఉంది. తేడా ఏంటంటే, దాచడం అనేదే అక్కడ తప్పు. మన దగ్గర మాత్రం బంధువుకు పని ఇచ్చినట్టు బయటపడినా, అందులో సర్పంచ్ వాటా ఉందని నిరూపించాల్సిన బరువు ఫిర్యాదు చేసినవాళ్ల మీదే పడుతోంది.

సంతకం ఆమెది.. పెత్తనం ఆయనది

ఏపీ, తెలంగాణ రెండింటిలోనూ స్థానిక సంస్థల్లో మహిళలకు 50 శాతం రిజర్వేషన్ ఉంది. అంటే సగం కుర్చీలు వాళ్లవే. కానీ ఫ్లెక్సీల్లో భర్త ఫొటో పెద్దది, సర్పంచ్ ఫొటో చిన్నది. మీటింగ్‌లో మాట్లాడేది ఆయన, అధికారులు ఫోన్ చేసేది ఆయనకే. ఊళ్లో 'సర్పంచ్ సాబ్' అంటే కూడా ఆయనే!

2025 మార్చిలో ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధామ్ జిల్లాలో ఓ ఊళ్లో ఏకంగా గెలిచిన మహిళల బదులు వాళ్ల భర్తలు ప్రమాణ స్వీకారం చేశారు. వీడియో వైరల్ కావడంతో పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. ఈ 'సర్పంచ్ పతి' వ్యవహారంపై కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వేసిన కమిటీ కూడా 2025లో నివేదిక ఇచ్చింది. మహిళల బదులు పెత్తనం చేస్తున్నట్టు రుజువైతే కఠిన జరిమానాలు ఉండాలని సిఫార్సు చేసింది.

దీన్ని కేవలం మహిళా సాధికారత సమస్యగా చూస్తే సరిపోదు. ఇది ఫక్తు జవాబుదారీతనం సమస్య. చెక్కు మీద సంతకం ఆమెది. నిధులు గల్లంతైతే నోటీసు వచ్చేది ఆమె పేరు మీదే, కేసు నమోదయ్యేది ఆమె మీదే. నిర్ణయం తీసుకున్న భర్తకు ఏ పదవీ లేదు, ఏ ప్రమాణమూ లేదు. అధికారం అనుభవించేది ఒకరు, శిక్ష పడేది ఇంకొకరికి.

ఇప్పుడు చాలా చెల్లింపులు ఈ-గ్రామ్‌స్వరాజ్ ద్వారా డిజిటల్ సంతకంతో జరుగుతున్నాయి. ఆ డిజిటల్ కీని భర్త చేతిలోనో, ఆపరేటర్ దగ్గరో వదిలేయడం ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇవ్వడంతో సమానం. తెలంగాణలో చెక్ పవర్ సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరికీ ఉమ్మడిగా ఇచ్చింది కూడా ఒకరి మీద ఒకరి కన్ను ఉండాలనే. ఇద్దరూ కుమ్మక్కైతే ఆ కన్ను మూతపడుతుంది. ఇద్దరికీ పడకపోతే ఊరి పనులే ఆగిపోతాయి.

పట్నంలో సీన్ వేరు

మున్సిపాలిటీల్లో డబ్బు తిరిగే చోటు టౌన్ ప్లానింగ్. ఇంటి పర్మిషన్, అదనపు అంతస్తు, లేఅవుట్.. ప్రతి సంతకానికీ ఓ రేటు ఉంటుందన్నది జనంలో పాతుకుపోయిన అభిప్రాయం. ఏసీబీ ట్రాప్ వార్తల్లో ఈ విభాగం పేరు తరచూ వినిపించడానికి కారణం కూడా అదే.

దీనికి తెలంగాణ పట్టిన దారి టీజీ-బీపాస్. 2020లో దీనికోసం ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకుంటే అనుమతి అక్కర్లేదు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల గడువు. ఐడియా సింపుల్: అధికారి ముందు నిలబడే అవసరమే లేకపోతే అడగడానికి ఛాన్సే ఉండదు.

అయితే లంచం అడిగే చోటు మారిందే తప్ప పూర్తిగా పోలేదు. పర్మిషన్ ఆన్‌లైన్‌లో వచ్చినా, తర్వాత తనిఖీకి వచ్చినప్పుడు 'డీవియేషన్ ఉంది' అనే మాట మళ్లీ బేరానికి దారి తీస్తుంది. యజమాని నిజంగానే ప్లాన్ దాటి కట్టి ఉంటే ఫిర్యాదు చేయడానికీ జంకుతాడు. ఇద్దరికీ లాభం ఉన్న తప్పు కాబట్టే బయటికి రాదు. నష్టం మాత్రం పక్కింటివాళ్లకు, ఆ వీధికి, వానొస్తే మునిగే కాలనీకి.

ఇక క్యాంపు రాజకీయాలు. అవిశ్వాసం పెట్టే గడువు రాగానే కౌన్సిలర్లు, కార్పొరేటర్లు బస్సులెక్కి రిసార్టులకు వెళ్లడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. 2024 మొదట్లో తెలంగాణ మున్సిపాలిటీల్లో, 2025లో ఏపీలో ఇదే సీన్. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్‌పై అవిశ్వాసం నెగ్గింది కూడా ఈ హడావుడి మధ్యే. అవిశ్వాసం పెట్టడం చట్టబద్ధమే. పార్టీ ఏదైనా కావచ్చు. కానీ ఆ రిసార్టు బిల్లు ఎవరు కడుతున్నారు, ప్రతిఫలంగా ఏం ఆశిస్తున్నారు అన్న ప్రశ్నకు జవాబు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

తప్పు చేస్తే అడిగేదెవరు?

పేరుకు చాలామందే ఉన్నారు. జిల్లా కలెక్టర్, జిల్లా పంచాయతీ అధికారి, ఆడిట్ శాఖ, ఏసీబీ, విజిలెన్స్, లోకాయుక్త. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని ఓ పద్ధతిగా నడిపించి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఏపీనే.

సర్పంచ్ అధికార దుర్వినియోగానికి పాల్పడినా, నిధులు కాజేసినా, విధుల్లో దుష్ప్రవర్తన రుజువైనా తొలగించే అధికారం కలెక్టర్‌కు ఉంది. తెలంగాణలో సెక్షన్ 37, ఏపీలో సెక్షన్ 249. తెలంగాణ చట్టం అయితే నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే కూడా చర్యలుంటాయని చెప్పింది. నేరుగా ఓటర్లు ఎన్నుకుంటారు కాబట్టి సర్పంచ్‌పై అవిశ్వాసం పెట్టే వీల్లేదు. ఐదేళ్ల మధ్యలో దించాలంటే ఈ దారులే.

ఇక్కడే జాగ్రత్తగా చూడాల్సిన పాయింట్ ఉంది. ఇదే అధికారం నిజాయితీపరుల మీద కూడా ప్రయోగించవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లోని జశ్‌పుర్ జిల్లాలో 27 ఏళ్ల మహిళా సర్పంచ్‌ను నిర్మాణ పనులు ఆలస్యమయ్యాయనే సాకుతో అధికారులు తొలగించారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 నవంబరులో కోర్టు ఆ తొలగింపును కొట్టేసింది. ఎన్నికైన ప్రతినిధి అధికారుల ముందు చేతులు కట్టుకుని నిలబడాలనే వలసపాలన కాలం నాటి ధోరణిని తప్పుబట్టింది. ఆమెకు లక్ష రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది.

సో, సమస్య రెండు వైపులా ఉంది. తప్పు చేసిన సర్పంచ్ పలుకుబడితో ఫైలు కదలకుండా ఆపుకోగలరు. తప్పు చేయని సర్పంచ్, వేరే పార్టీ కావడం వల్లో, ఎమ్మెల్యే మాట వినకపోవడం వల్లో నోటీసులు అందుకోవచ్చు. విచారణ చేసేది, శిక్ష వేసేది ప్రభుత్వ యంత్రాంగమే అయినప్పుడు ఈ అనుమానం పోదు.

కార్యదర్శి పరిస్థితీ అంతే. తెలంగాణలో 2019లో జూనియర్ పంచాయతీ కార్యదర్శులుగా చేరిన యువత మొదట నెలకు రూ.15 వేల జీతంతో పనిచేశారు. రెగ్యులర్ చేయాలంటూ 2023లో సమ్మెకు దిగారు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని పాతికేళ్ల కార్యదర్శి, ఊళ్లో పలుకుబడి ఉన్న సర్పంచ్‌తో 'ఈ బిల్లు కుదరదు' అని చెప్పగలగాలంటే వెనక ఓ రక్షణ ఉండాలి కదా?

కేరళ చేసింది.. మనం?

ఈ చిక్కుకు పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. కేరళలో స్థానిక సంస్థల కోసమే ప్రత్యేకంగా అంబుడ్స్‌మన్ వ్యవస్థ ఉంది. హైకోర్టు జడ్జి స్థాయి వ్యక్తి దానికి నేతృత్వం వహిస్తారు. సర్పంచ్ స్థాయి ప్రతినిధి అయినా, ఉద్యోగి అయినా ఫిర్యాదు అక్కడికే వెళ్తుంది. సభ్యులు ఆస్తుల వివరాలు ఇవ్వాలని కూడా అక్కడి పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది.

వీరప్ప మొయిలీ నేతృత్వంలోని రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2007లోనే 'పాలనలో నైతికత'పై ఓ నివేదిక, స్థానిక పాలనపై ఇంకో నివేదిక ఇచ్చింది. స్థానిక సంస్థలకు అంబుడ్స్‌మన్ ఉండాలని సిఫార్సు చేసింది. 2010-15 కాలానికి 13వ ఆర్థిక సంఘం ఇంకో అడుగు ముందుకేసింది. పనితీరు గ్రాంటు కావాలంటే స్వతంత్ర అంబుడ్స్‌మన్ వ్యవస్థ ఉండాలని షరతు పెట్టింది. అప్పటికే లోకాయుక్త పరిధిలో ఉన్నవాళ్లను అలాగే కొనసాగించాలా, అంబుడ్స్‌మన్ కిందికి తేవాలా అన్నది రాష్ట్రాలకే వదిలేసింది. కానీ రాష్ట్రమంతటికీ, అన్ని శాఖలకూ ఉన్న లోకాయుక్త దగ్గరికి ఊరి డ్రైనేజీ బిల్లు మీద ఫిర్యాదు పట్టుకుని ఎంతమంది వెళ్తారు?

మీ ఊళ్లో మీరు ఏం చేయొచ్చు?

1. గ్రామసభకు వెళ్లండి. తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టం చెబుతోంది. ఏపీలో 2024 ఆగస్టు 23న 13 వేలకు పైగా పంచాయతీల్లో ఒకేరోజు సభలు జరిగాయి. సభ జరిగినట్టు కాగితం మీద సంతకాలు చేయించుకుని వెళ్లిపోతే ఒప్పుకోవద్దు. ఖర్చుల పద్దు చదవమని అడగండి.

2. ఫోన్‌లోనే లెక్క చూడండి. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే మీ పంచాయతీకి వచ్చిన నిధులు, పెట్టిన ఖర్చు కనిపిస్తాయి. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలన్న నిబంధన ఉంది. స్క్రీన్ మీద ఉన్న పని మీ వీధిలో కనిపిస్తోందా? ఒకసారి సరిచూసుకోండి.

3. ఆర్‌టీఐ వేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పని పేరు, ఎంబీ రికార్డు, బిల్లు కాపీ, ఎవరి ఖాతాకు డబ్బు వెళ్లింది అని సూటిగా అడగండి.

4. లంచం అడిగితే ముందే చెప్పండి. తెలంగాణలో ఏసీబీ టోల్‌ఫ్రీ నంబర్ 1064. ఏపీలో మీ ప్రాంతంలోని ఏసీబీ ఆఫీసులో ఫిర్యాదు చేయొచ్చు. పౌడర్ పూసిన నోట్లు ముట్టుకున్న చేతులు ద్రావణంలో ముంచితే గులాబీ రంగులోకి మారడం టీవీలో చూసే ఉంటారు. అలా రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకునే కేసుల్లో ముందస్తు అనుమతి కోసం ఆగాల్సిన పని లేదు. సాక్షి తర్వాత మాట మార్చినా, చనిపోయినా, మిగతా ఆధారాలతో లంచం అడిగినట్టు నిరూపించవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

5. ఫ్రీ అని తెలుసుకోండి. పుట్టిన, చనిపోయిన వివరాలు 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు లేదు. 'టీ ఖర్చులకు' అని ఎవరైనా అడిగితే అది లంచమే.

చివరగా.. లోటు ఎక్కడుంది?

మన దగ్గర చట్టాలు తక్కువేం లేవు. పట్టుబడ్డాక జైలుకు పంపే సెక్షన్లు గట్టిగానే ఉన్నాయి. లోపం అంతా పట్టుబడక ముందు దశలో ఉంది. ఎన్నికైనవాళ్ల ఆస్తులు ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలి. తన బంధువుకు సంబంధించిన పని తీర్మానానికి వస్తే సర్పంచ్ లేచి 'ఇందులో నాకు సంబంధం ఉంది, నేను పక్కకు తప్పుకుంటా' అని చెప్పి మినిట్స్‌లో రాయించాలి. ఫిర్యాదు వినేందుకు కలెక్టర్, ఎమ్మెల్యేల నీడ పడని ఓ వ్యవస్థ కావాలి. చేసిన పనికి బిల్లు టైమ్‌కు రావాలి. ఈ నాలుగింటికీ వేల కోట్లు అక్కర్లేదు.

ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. ఎవరు ఎప్పుడు కారు కొన్నారో, ఎవరి ఇంటికి రెండో అంతస్తు ఎప్పుడు లేచిందో చెప్పడానికి ఏసీబీ అవసరం లేదు. అయినా అడగరు. రేపు కరెంటు పోల్ కావాలన్నా, పెన్షన్ దరఖాస్తు కావాలన్నా ఆ మనిషి దగ్గరికే వెళ్లాలి కాబట్టి! ఆ భయం పోవాలంటే అడిగే పని ఒక్కరిది కాకుండా గ్రామసభలో నలుగురిదీ కావాలి. బాండ్ పేపర్ మీద హామీలు రాయించుకున్న ఊళ్లు, తొలి ఏడాది ఖర్చుల పద్దు కూడా అంతే గట్టిగా అడిగి చదివించుకుంటాయా అన్నదే ఇప్పుడు చూడాలి.